నాష్‌విల్‌లో ఇండీ పాప్ కచేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఉన్న నాష్‌విల్ అనగానే అందరికీ కంట్రీ సంగీతమే (అక్కడి పల్లెపట్టుల్లో పుట్టిన జనప్రియ బాణీ) గుర్తొస్తుంది. తమకు నచ్చిన ఇండీ పాప్ (పెద్ద కంపెనీల అచ్చులో పడకుండా స్వతంత్రంగా సాగే పాప్ సంగీతం) గాయని పర్యటనలో ఆ ఊరి పేరు చూసి, వెళ్లాలా వద్దా అని తటపటాయించే తెలుగువారు తరచుగా తారసపడుతుంటారు. ఇక్కడి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థులు, శివార్లలోని ఫ్రాంక్లిన్, బ్రెంట్‌వుడ్ వైపు ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు, అట్లాంటా నుంచి వారాంతంలో కారులో వచ్చే మిత్రులు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే కావడంతో జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నాష్‌విల్ కంట్రీ సంగీతానికి పేరుపడిన ఊరు కదా, అక్కడ ఇండీ పాప్‌కు జనం వస్తారా?

తప్పకుండా వస్తారు. ఈ ఊరికి పేరు తెచ్చింది కంట్రీ సంగీతమే గాని, ఊరి సంగీతమంతా అదే ఎన్నడూ కాదు. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన ఫిస్క్ విశ్వవిద్యాలయానికి నిధులు కూడగట్టడానికి అక్కడి జూబిలీ సింగర్స్ బృందం 1871లోనే పాడుతూ ఊరూరా తిరగడానికి బయలుదేరింది. కంట్రీ సంగీతానికి పీఠంగా నిలిచిన గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమం డబ్ల్యూఎస్ఎం రేడియోలో మొదలైంది ఆ తరువాత అర్ధ శతాబ్దానికి, 1925లో. దాని చుట్టూ కాలక్రమంలో స్టూడియోలు, పాటల ప్రచురణ సంస్థలు, వాద్యకారులు, సౌండ్ ఇంజనీర్లు చేరారు. ఆ వసతులన్నీ ఏ ఒక్క బాణీకో పరిమితమైనవి కావు. సాకర్ మమ్మీ పేరుతో పాడే సోఫీ ఆలిసన్ పెరిగింది ఈ ఊళ్లోనే. కాయిన్ బృందం 2012లో ఏర్పడింది ఇక్కడి బెల్మాంట్ విశ్వవిద్యాలయంలోనే. 2020లో మొదలైన డబ్ల్యూఎన్ఎక్స్‌పీ అనే పబ్లిక్ రేడియో స్టేషన్‌ను 91.1 ఎఫ్ఎంలో ఒక పూట వింటే, ఇక్కడి శ్రోతలు ఏం వింటున్నారో మీకే తెలుస్తుంది.

అదే గాయని అట్లాంటాలోనో చికాగోలోనో కూడా పాడుతోంది. నాష్‌విల్‌కే ఎందుకు రావాలి?

ఇక్కడి శ్రోతల కోసం రావాలి. నాష్‌విల్ ప్రధానంగా పాటలు రాసేవాళ్ల ఊరు. హాల్లో మీ పక్కన నిలబడిన మనిషి పొద్దున ఎవరి రికార్డింగుకో గిటార్ వాయించి వచ్చి ఉండవచ్చు, మరునాడు ఎవరితోనో కూర్చుని పాట కట్టబోతూ ఉండవచ్చు. అందుకే ఇక్కడి జనం చేతులు కట్టుకుని నిలబడతారని, ఓ పట్టాన ఊగిపోరని ఊరూరా తిరిగే సంగీతకారుల్లో ఒక మాట ఉంది. దాన్ని నిరాసక్తత అనుకోకూడదు. ఇండీ పాప్ బలమంతా సాహిత్యంలోనూ, గొంతు బాగా తగ్గించి పాడే చోట్లలోనూ ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ చోట్లు బార్ దగ్గరి కబుర్లలో కొట్టుకుపోతుంటాయి. రెండో చరణంలో ఒక్క మాట మారినా గమనించే జనం మధ్య నిలబడి వినడం వేరే అనుభవం. కేరింతలు, గంతులు, జనసందోహమే మీకు ముఖ్యమైతే మాత్రం అట్లాంటా షోకే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

ఫోన్‌లో విన్న పాటకూ వేదిక మీద పాడే పాటకూ తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఇండీ పాప్ పాటలు ఎక్కువగా ఒకరిద్దరు కలిసి, కొన్నిసార్లు పడకగదిలోనే, కంప్యూటర్‌లో పొర మీద పొర పేర్చి తయారుచేసినవి. వేదిక మీద నలుగురో ఐదుగురో వాయించేటప్పుడు వాటిలో కొన్ని పొరలను ముందే రికార్డు చేసిన ట్రాక్‌గా నడిపిస్తారు, కొన్నింటిని వదిలేస్తారు, కొన్నింటిని గిటార్‌కో కీబోర్డుకో అప్పగిస్తారు. అలా వదిలేసిన చోట పాట అసలు నిర్మాణం బయటపడుతుంది. బాగా రాసిన పాట అక్కడే నిలబడుతుంది.

నాష్‌విల్‌లో దీనికి మరో విశేషం తోడవుతుంది. జోర్డనేర్స్ అనే గాయక బృందానికి చెందిన నీల్ మాథ్యూస్ జూనియర్ 1950ల చివర రూపొందించిన అంకెల పద్ధతిలో ఇక్కడి వాద్యకారులు పాటలోని కార్డ్‌లను (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులను) 1, 4, 5 అని రాసుకుంటారు. శ్రుతి మార్చినా మన స్వరాల పేర్లు మారనట్టే, గాయని ఆ రాత్రి గొంతు బాగాలేక స్థాయి తగ్గించుకున్నా ఆ కాగితం మారదు. కాబట్టి చివరి నిమిషంలో వచ్చి చేరిన స్థానిక వాద్యకారుడు కూడా తడబడకుండా వాయించగలుగుతాడు.

ఏ నెలల్లో వస్తే మంచిది?

సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, మళ్లీ మార్చి నుంచి మే వరకు హాళ్ల పర్యటనలు ఎక్కువగా ఉంటాయి. జూన్‌లో సీఎంఏ ఫెస్ట్ అనే కంట్రీ సంగీతోత్సవం జరిగే రోజుల్లో ఊరు కంట్రీ అభిమానులతో నిండిపోయి హోటల్ ధరలు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి, ఆ తేదీలు తెలుసుకున్నాకే గది బుక్ చేసుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఎండ, ఉక్కపోత కోస్తా జిల్లాలకు ఏమీ తీసిపోవు. వసంతకాలంలో సుడిగాలుల (టోర్నడోల) హెచ్చరికలు వస్తుంటాయి. ఫోన్‌లో వాతావరణ హెచ్చరికలను ఆపివేయకండి.

పర్యటనలో చుట్టుపక్కల ఊళ్లన్నీ ఉన్నాయి, నాష్‌విల్ మాత్రం లేదు. ఎందుకు?

సాధారణంగా కనిపించే కారణాల్లో ఒకటి పండుగ ఒప్పందం. పెద్ద సంగీతోత్సవాలు తమ వేదిక మీద పాడే కళాకారులు ఉత్సవానికి ముందూ వెనకా కొంతకాలం, కొంత దూరం లోపల వేరే షో చేయకూడదని షరతు పెడుతుంటాయి. 2002లో మొదలైన బొనరూ ఉత్సవం నాష్‌విల్‌కు ఆగ్నేయంగా సుమారు 60 మైళ్ల దూరంలోని మాంచెస్టర్ పట్టణంలో జరుగుతుంది. ఆ ఉత్సవంలో పాడేవారి జాబితాలో మీ గాయని పేరుంటే నాష్‌విల్ తేదీ తరువాతి విడతలో వచ్చే అవకాశం ఉంది. ఆమె మెయిలింగ్ జాబితాలో చేరి వేచి చూడడం మంచిది.

## హాలు గురించి

రైమన్ ఆడిటోరియం గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు? అక్కడ కంట్రీ తప్ప వేరే సంగీతం ఉంటుందా?

రైమన్ 1892లో ప్రార్థనా మందిరంగా తెరుచుకుంది. నదిలో పడవలు నడిపే వ్యాపారి టామ్ రైమన్ ఒక మతబోధకుడి ప్రసంగం విని మారిన మనసుతో దానిని కట్టించాడు. 1943 నుంచి 1974 వరకు గ్రాండ్ ఓల్ ఆప్రీ అక్కడి నుంచే ప్రసారమైంది. 1945 డిసెంబరులో బిల్ మన్రో బృందంలో ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో నిలబడి, బ్లూగ్రాస్ అనే బాణీకి రూపమిచ్చిన వేదిక అదే. ఆప్రీ తరలిపోయాక దాదాపు పాడుబడిన భవనాన్ని బాగుచేసి 1994లో తిరిగి తెరిచారు. ఇప్పుడు అక్కడ అన్ని రకాల సంగీతమూ వినిపిస్తుంది. 2019లో వూ టాంగ్ క్లాన్ ఆ వేదిక మీద ప్రధాన ప్రదర్శన ఇచ్చిన మొదటి హిప్‌హాప్ బృందమైంది.

ఇండీ పాప్‌కు ఈ హాలు ప్రత్యేకంగా నప్పుతుంది. బోధకుడి గొంతు మైకు లేకుండా చివరి వరుసకు చేరాలన్న ఉద్దేశంతో కట్టిన మందిరం కాబట్టి మాట స్పష్టంగా వినిపిస్తుంది. వంపు తిరిగిన చెక్క బెంచీలు, చెక్క నేల వల్ల శబ్దం కటువుగా కాక మెత్తగా చేరుతుంది. సీట్లు 2,362 మాత్రమే. ఒక గాయని చిన్న క్లబ్బుల దశ దాటి, ఇంకా అరీనాల (వేలమంది పట్టే క్రీడా మందిరాల) దశకు చేరని రోజుల్లో ఇక్కడ పాడుతుంది. ఆమెను చూడడానికి అంతకు మించిన సమయం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

రైమన్‌లో ఏ సీటు తీసుకోవాలి?

బాల్కనీ మధ్యభాగంలో మొదటి నాలుగైదు వరుసలు దొరికితే వెంటనే తీసుకోండి. చూపుకూ వినికిడికీ అవే మేలైనవి. కింది అంతస్తులో వేదికకు దగ్గరగా ఉన్న వరుసలు బాగుంటాయి గాని, 1897లో చేర్చిన బాల్కనీని మోసే స్తంభాలు వెనక వరుసల్లో కొన్ని సీట్లకు అడ్డుపడతాయి. అలాంటి సీట్లను అమ్మేటప్పుడు చూపుకు అడ్డంకి ఉందని రాస్తారు, ఆ గమనికను విస్మరించకూడదు. ఇవి విడివిడి కుర్చీలు కావు, చర్చి బెంచీలు. మధ్యలో చేతులు ఆనించుకునే ఏర్పాటు లేదు, పక్కవారి భుజం మీ భుజానికి తగులుతూనే ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారు ఇది ఆలోచించుకోవాలి.

చిన్న హాళ్లలో ఏవి బాగుంటాయి?

కొత్త కళాకారులను దగ్గరగా చూడాలంటే ఎలిస్టన్ ప్లేస్ వీధిలో 1971 నుంచి పేరున్న ఎగ్జిట్ ఇన్, తూర్పు నాష్‌విల్‌లోని బేస్‌మెంట్ ఈస్ట్ నా మొదటి ఎంపికలు. రెండూ ఐదారు వందల మంది నిలబడి చూసే హాళ్లు. బేస్‌మెంట్ ఈస్ట్‌ను 2020 మార్చి 3 తెల్లవారుజామున వచ్చిన సుడిగాలి దెబ్బతీసింది. పైకప్పు పోయినా, నాష్‌విల్ మీద నమ్మకం ఉందని చాటే చిత్రం ఉన్న గోడ మాత్రం నిలిచింది. మరుసటి ఏడాది హాలును తిరిగి తెరిచారు, ఆ గోడ చిత్రాన్ని నేటికీ చూడవచ్చు.

వీటికంటే పెద్దది మారథాన్ మ్యూజిక్ వర్క్స్. 1910 ప్రాంతంలో మారథాన్ కార్లు తయారుచేసిన ఫ్యాక్టరీ ఆవరణలో ఇటుక గోడల మధ్య ఉంటుంది, పదిహేను వందల మందికి పైగా పడతారు. నేల చదునుగా ఉండడం వల్ల పొట్టివారికి వెనక నుంచి ఏమీ కనబడదు. పక్క గోడ వెంబడి ముందుకు వెళ్లి నిలబడడం మేలు.

అరీనాలోనో ఆరుబయటో చూస్తే ఎలా ఉంటుంది?

బ్రిడ్జ్‌స్టోన్ అరీనాలో దాదాపు 20,000 మంది పడతారు. కళాకారిణి అంత దూరం ఎదిగాక అది ఏ ఊరి అరీనా షోకీ భిన్నంగా ఉండదు. నది ఒడ్డున 2015లో కట్టిన అసెండ్ యాంఫీథియేటర్‌లో 6,800 మంది పడతారు; మే నెల సాయంత్రం అక్కడి పచ్చిక మీద కూర్చుని వినడం హాయిగా ఉంటుంది, కాని మాటలు గాలికి చెదురుతాయి. 2025లో తెరిచిన 4,500 మంది పట్టే పినాకిల్ ఈ రెండింటికంటే ఇండీ పాప్‌కు అనువైన పరిమాణం.

బ్లూబర్డ్ కెఫేలో ఇండీ పాప్ షోలు ఉంటాయా?

అది పాటల రచయితల చోటు, పాప్ షోలు ఆశించి వెళ్లకూడదు. గ్రీన్ హిల్స్‌లో ఒక చిన్న దుకాణ సముదాయంలో 1982లో మొదలైన ఈ గదిలో 90 సీట్లే ఉంటాయి. నలుగురు రచయితలు గది మధ్యలో ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, ఇతరులకు రాసిచ్చిన పాటలను తామే పాడతారు. పాట సాగుతుండగా మాట్లాడితే నిశ్శబ్దంగా ఉండమని సిబ్బంది చెబుతారు. నాష్‌విల్ శ్రోతలు ఎక్కడైనా ఎందుకు అంత శ్రద్ధగా వింటారో అర్థం కావాలంటే, ఇండీ పాప్ షోకు ముందు రోజు ఇక్కడ ఒక సాయంత్రం గడపమని చెబుతాను. సీట్లు ముందుగా వెబ్‌సైట్‌లో రిజర్వు చేసుకోవాలి.

## టికెట్లు కొనేటప్పుడు

టికెట్లు ఎక్కడ కొనాలి?

కళాకారిణి వెబ్‌సైట్‌లోని పర్యటన పేజీకి వెళ్లి, అక్కడున్న లింకు నుంచే కొనాలి. సెర్చ్ ఇంజన్‌లో హాలు పేరు కొడితే పైన ప్రకటనలుగా వచ్చేవాటిలో చాలా భాగం తిరిగి అమ్మే సంస్థలవి. హాలు పేరును పోలిన చిరునామాలతో, అసలు ధరకు రెండింతలో మూడింతలో చూపిస్తుంటాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం 2025 మే 12 నుంచి ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లకు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను మొదటే చూపించాలి. కాబట్టి చివరి పేజీలో మొత్తం ఒక్కసారిగా పెరిగితే ఆ సైటును అనుమానించండి.

ప్రీసేల్ కోడ్ ఎలా దొరుకుతుంది?

ప్రీసేల్ అంటే అందరికంటే ముందు కొందరికి జరిపే అమ్మకం. దాని కోడ్ కోసం గాయని మెయిలింగ్ జాబితా, హాలు వార్తాలేఖ, ఈ రెండింటిలో చేరితే సరిపోతుంది. పర్యటన ప్రకటించిన వారంలోనే కోడ్ వస్తుంది. సాధారణ అమ్మకం సాధారణంగా శుక్రవారం స్థానిక సమయం ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. నాష్‌విల్ సెంట్రల్ కాలమానంలో ఉంటుంది గనుక అట్లాంటాలోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి అది 11 గంటలు. ఖాతా తెరిచి, కార్డు వివరాలు ముందు రోజే నింపి ఉంచుకోవాలి.

టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. ఇక దారి లేదా?

ఉంది. అసలు టికెట్లు అమ్మిన వెబ్‌సైట్‌లోనే అభిమానులు తిరిగి అమ్మే విభాగాన్ని షో ముందు రెండు మూడు రోజులు చూస్తూ ఉండండి, ధరలు షో రోజు మధ్యాహ్నానికి తరచుగా తగ్గుతాయి. కళాకారుల అతిథుల కోసం అట్టిపెట్టిన సీట్లు మిగిలితే హాలు వాటిని కూడా చివరి రోజు విడుదల చేస్తుంది. బాక్సాఫీసుకు ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడకండి. వాట్సాప్ గుంపుల్లో ఎవరైనా అమ్ముతామంటే టికెట్ మీ ఖాతాకు బదిలీ అయ్యాకే డబ్బు పంపండి. స్క్రీన్‌షాట్‌కు డబ్బు ఇవ్వకూడదు, బార్‌కోడ్ నిమిషాల్లో మారిపోయే టికెట్లకు స్క్రీన్‌షాట్ తలుపు దగ్గర పనికిరాదు.

18+, 21+ అని రాసి ఉంటుంది. పిల్లలను తీసుకెళ్లవచ్చా?

వయసు నిబంధన హాలును బట్టీ షోను బట్టీ మారుతుంది, టికెట్ పేజీలో రాసినదే తుది మాట. రైమన్‌లో షోలు ఎక్కువగా అన్ని వయసులవారికీ తెరిచి ఉంటాయి. బార్ నడిపే చిన్న హాళ్లలో 18 దాటినవారినే అనుమతించే షోలు ఎక్కువ. తల్లిదండ్రులు తోడున్నా ఈ నిబంధన సడలదు. పదిహేనేళ్ల అమ్మాయి తన మొదటి కచేరీ చూడాలనుకుంటే రైమన్‌కు తీసుకెళ్లండి. కూర్చునే చోటు ఉంటుంది, తోపులాట ఉండదు.

## ప్రయాణం, బస

అట్లాంటా నుంచి కారులో వచ్చి అదే రాత్రి తిరిగి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు గాని నేను వద్దంటాను. దూరం సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు చట్టనూగా దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది కాబట్టి సమయం కలిసొచ్చినట్టు అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. రాత్రి 11 గంటలకు నాష్‌విల్‌లో బయలుదేరితే అట్లాంటా చేరేసరికి అక్కడ తెల్లవారుజాము 4 అవుతుంది. దారిలో ఐ-24 రహదారి మీద మాంటీగిల్ కొండ ఎక్కి దిగాలి. ఏటవాలు ఎక్కువ, పెద్ద లారీలు ఎక్కువ, వాన పడే రాత్రుల్లో పొగమంచు కమ్ముతుంది. నిద్రమత్తులో అక్కడ కారు నడపడం ప్రమాదం. మర్‌ఫ్రీస్‌బరో వైపు గది తీసుకుంటే ఊరి నడిబొడ్డు కంటే ధర తక్కువ, మరునాటి తిరుగుదారిలోనే ఉంటుంది.

విమానంలో వస్తే ఊళ్లోకి ఎలా చేరాలి?

విమానాశ్రయం ఊరికి దగ్గరే. ఉబర్, లిఫ్ట్ సులువుగా దొరుకుతాయి. సామాను తక్కువగా ఉన్న విద్యార్థులు ఊరి రవాణా సంస్థ వీగో నడిపే 18వ నంబరు బస్సు ఎక్కితే రెండు డాలర్లకు డౌన్‌టౌన్‌లో దిగవచ్చు. రాత్రి ఆఖరి బస్సు సమయం చూసుకోవాలి.

పార్కింగ్ దొరుకుతుందా?

డౌన్‌టౌన్‌లో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. హాకీ మ్యాచ్ కూడా అదే రాత్రి ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. ముందే ఆన్‌లైన్‌లో స్థలం కొనుక్కోండి. తూర్పు నాష్‌విల్ హాళ్ల చుట్టూ వీధుల్లో కారు పెట్టవచ్చు గాని, ఇళ్ల ముందు నివాసులకు మాత్రమే అన్న బోర్డులు ఉంటాయి, చదివి పెట్టాలి.

శాకాహారులకు తినడానికి ఏమి ఉంటుంది?

ఒక విషయంలో జాగ్రత్త అవసరం. ఒక మాంసం, మూడు కూరలు పెట్టే స్థానిక భోజనశాలల్లో కూరలు మాత్రమే చెప్పినా చాలదు. ఆకుకూరలు, బీన్స్ వంటివాటిని ఈ ప్రాంతంలో సంప్రదాయంగా పంది మాంసం వేసి ఉడికిస్తారు. అడిగి నిర్ధారించుకున్నాకే తినండి. నోలెన్స్‌విల్ పైక్ అనే రోడ్డు వెంబడి కుర్దుల దుకాణాలు, బేకరీలు చాలా ఉన్నాయి. అమెరికాలోకెల్లా పెద్ద కుర్దు సముదాయం ఈ ఊళ్లోనే ఉంది. అక్కడి రొట్టె, ఫలాఫెల్, పప్పు సూప్ శాకాహారికి కడుపు నింపుతాయి.

## ఆ సాయంత్రం

డోర్స్ 7, షో 8 అని ఉంది. ఎప్పుడు వెళ్లాలి?

ఏడింటికి తలుపులు తెరుస్తారు, ఎనిమిదింటికి మొదట పాడే కళాకారులు వేదిక ఎక్కుతారు, మీరు చూడవచ్చిన గాయని తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. సీటు నంబరు ఉన్న హాలుకు ఏడున్నరకు చేరితే చాలు. నిలబడి చూసే హాల్లో ముందు వరుస కావాలంటే ఆరింటికే వరుసలో ఉండాలి. మొదట పాడేవారిని మాత్రం దయచేసి వదులుకోకండి. ఈ ఊళ్లో ఆ అరగంట తరచుగా స్థానికులకు దక్కుతుంది, కొన్నేళ్లలో రైమన్‌కు చేరే గొంతును రెండు వందల మంది మధ్య వినే అవకాశం అది.

వెంట ఏమేమి తీసుకెళ్లాలి?

ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, పూర్తిగా ఛార్జ్ చేసిన ఫోన్, బ్యాంకు కార్డు. అమెరికా లైసెన్సు లేని సందర్శకులు అసలు పాస్‌పోర్టునే తీసుకెళ్లాలి, ఫోటో కాపీని చాలాచోట్ల అంగీకరించరు. బ్యాగు పరిమాణంపై ప్రతి హాలుకూ సొంత నియమాలు ఉంటాయి. బయలుదేరే ముందు హాలు వెబ్‌సైట్ చూడండి. టికెట్‌ను ఇంటి దగ్గరే ఫోన్ వాలెట్‌లోకి దించుకుంటే తలుపు దగ్గర సిగ్నల్ లేక ఇబ్బంది పడరు.

కౌబాయ్ బూట్లు, టోపీ వేసుకోవాలా?

అవసరం లేదు. అవి ఎక్కువగా బ్రాడ్‌వే వీధిలోని సందర్శకుల వేషం. ఇండీ పాప్ షోలకు వచ్చేవారు జీన్స్, పాత టీషర్టు, నడవడానికి వీలైన బూట్లతో కనిపిస్తారు. కొత్త బూట్లతో మూడు గంటలు సిమెంటు నేల మీద నిలబడవద్దు.

శబ్దం చెవులకు హాని చేస్తుందా?

చేయగలదు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 15 నిమిషాలే. చిన్న హాలులో స్పీకర్ల ముందు ఆ స్థాయి మామూలే. ఇండీ పాప్ మెత్తని సంగీతమనే నమ్మకంతో చెవులకు రక్షణ లేకుండా వెళ్లేవారు ఎక్కువ. సంగీతం కోసం చేసిన ఇయర్‌ప్లగ్‌లు శబ్దాన్ని తగ్గిస్తాయే గాని మాటను మింగవు. సౌండ్ ఇంజనీర్ బల్ల దగ్గర నిలబడితే శబ్దం సమంగానూ ఉంటుంది.

లేచి నిలబడవచ్చా, వీడియో తీసుకోవచ్చా, కలిసి పాడవచ్చా?

రైమన్‌లో గాయని అడిగినప్పుడో, ముందు వరుసలు లేచినప్పుడో నిలబడడం ఆనవాయితీ. మీ వెనక వృద్ధులు కూర్చుని ఉంటే ఒకసారి చూసుకోండి. ఒకటి రెండు పాటలు ఛాతీ ఎత్తులో ఫోన్ పట్టుకుని తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, షో అంతా ఫోన్ పైకెత్తి పట్టుకుంటే అంటారు. కలిసి పాడవలసిన పాటల్లో అందరూ పాడతారు. గిటార్ ఒక్కటే మిగిలి హాలు నెమ్మదించినప్పుడు మాత్రం నోరు మెదపకండి, పక్కవారితో ఆ పాట గొప్పదనం చెప్పడానికైనా సరే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

సీట్లున్న హాలైతే సంతోషంగా తీసుకెళ్లండి. నాలుగు పాటలు ఇంట్లో ముందే వినిపించండి, ఆ పాట దేని గురించో రెండు మాటలు చెప్పండి. సంగీతాన్ని కూర్చుని శ్రద్ధగా వినడం వారికి కొత్త కాదు. రైమన్‌లో వారికి కొత్తగా అనిపించేది భాషే. టికెట్లు కొనేటప్పుడే మెట్ల సంగతి హాలువారిని అడిగి తగిన సీట్లు తీసుకోవాలి.

## షో అయిపోయాక

టీషర్టు, పోస్టరు కొనాలా?

వీలైతే కొనండి. స్ట్రీమింగ్‌లో కళాకారులకు ముట్టేది చాలా తక్కువ, పర్యటన ఖర్చులో పెద్ద భాగం ఈ బల్ల మీది అమ్మకాలే తీరుస్తాయి. నాష్‌విల్‌లో కొనదగినది పోస్టరే. 1879లో మొదలైన హ్యాచ్ షో ప్రింట్ అనే అచ్చుశాల రైమన్ షోలకు విడివిడిగా పోస్టర్లు ముద్రిస్తుంది. చెక్క అక్షరాలను చేత్తో కూర్చి, ఒక్కో రంగుకు ఒక్కోసారి కాగితాన్ని యంత్రంలో నడుపుతారు. పోస్టరును దీపానికి ఏటవాలుగా పట్టి చూస్తే అక్షరం నొక్కుకున్న చోట సన్నని పల్లం తెలుస్తుంది. వాడి వాడి అరిగిన చెక్క మీది గీతలు, సొట్టలు రంగు అంటని తెల్లని మచ్చలుగా మిగులుతాయి. అందువల్ల ఏ రెండు కాగితాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇవి పరిమిత సంఖ్యలో వేస్తారు, షో ముందే తీసుకోవడం క్షేమం. చుట్టి పెట్టడానికి గట్టి అట్ట గొట్టం కారులో ఉంచుకోండి.

షో తరువాత బ్రాడ్‌వేకు వెళ్లవచ్చా?

రైమన్ వెనక సందులోంచి నాలుగడుగులు వేస్తే బ్రాడ్‌వేలోని హాంకీ టాంక్ బార్లు (ప్రత్యక్షంగా కంట్రీ సంగీతం వాయించే బార్లు) వస్తాయి. 1960 నుంచి నడుస్తున్న టూట్సీస్ ఆర్కిడ్ లౌంజ్ వెనక తలుపు ఆ సందులోకే తెరుచుకుంటుంది. చాలా బార్లలో ప్రవేశ రుసుము ఉండదు, అందుకే అక్కడ వాయించేవారికి ఇచ్చే టిప్ మర్యాద కాదు, జీతం. ఒక్కో బృందం సాధారణంగా నాలుగు గంటలపాటు వాయిస్తుంది. మధ్యలో ఒకరు బకెట్ పట్టుకుని తిరుగుతారు. ఐదు డాలర్ల నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోండి. పాత కంట్రీ బాణీని శుద్ధంగా వినాలంటే రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్‌కు వెళ్లండి, అక్కడి గిటార్ వాద్యకారుల పనితనం ఏ ఇండీ అభిమానినైనా అక్కడే నిలబెట్టేస్తుంది. శనివారం రాత్రి వీధి కిక్కిరిసి ఉంటుంది, ఉబర్ ఎక్కాలంటే రెండు మూడు వీధులు ఎగువకు నడవాలి.

మరునాడు ఒక పూట ఉంది. ఏం చూడాలి?

రైమన్‌కు ఎదురుగా 2021లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ సంగీత జాతీయ మ్యూజియం చూడండి. ఈ ఊరి సంగీతం ఒక్క బాణీది కాదని అక్కడ కళ్లకు కడుతుంది. రికార్డులు కొనేవారు తూర్పు నాష్‌విల్‌లోని గ్రైమీస్ దుకాణానికి వెళ్లాలి, కొత్త ఇండీ కళాకారుల గురించి అక్కడి సిబ్బందిని అడిగితే ఓపికగా చెబుతారు. పాటలు తయారైన గది చూడాలనుకుంటే 1957లో కట్టిన ఆర్‌సీఏ స్టూడియో బి ఉంది. ఎల్విస్ ప్రెస్లీ రెండు వందలకు పైగా పాటలు అక్కడే రికార్డు చేశాడు. ఆ స్టూడియోకు నేరుగా వెళితే లోపలికి పంపరు, డౌన్‌టౌన్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో టికెట్ కొంటే వారే బస్సులో తీసుకెళ్లి తీసుకొస్తారు. కాబట్టి మ్యూజియంతో కలిపి కనీసం మూడు గంటలు కేటాయించుకోండి.